రెండుసార్లు వెళ్ళాను

ఓబన్,
2 మార్చి 2024

బెవ్‌కి,

నిన్న చీకటి పడకముందే ఇల్లు చేరాం. గ్లాస్గోలో రైలు మారే హడావిడిలో మీ వదిన గొడుగు పోగొట్టుకుంది. అక్కణ్ణించి ఓబన్ దాకా నాకు అమ్మ గురించి ఏడవడానికి తీరిక లేకపోయింది, గొడుగు గురించి వినడానికే సరిపోయింది. ఇక్కడ ఒకటే వాన.

అమ్మని సాగనంపిన తీరు బాగుంది. అందరూ అదే అన్నారు. చర్చిలో ఆ రెండో పాట నువ్వు ఎంచిందేనా? అది అమ్మకి ఇష్టమని నాకు తెలియనే తెలియదు. ఇన్నేళ్ళూ దగ్గరుండి చూసుకున్నదానివి, నీకే తెలుస్తాయి అలాంటివి. "బెవర్లీ లేకపోతే ఐరిస్ ఎప్పుడో పోయేది నాయనా" అని మీ పక్కింటి డోరీన్ నా చెయ్యి వదలకుండా చెప్పింది.

ఇక రాయక తప్పని సంగతి. తలుపు కింద పడి ఉన్న ఉత్తరాల్లో ఒకటి పార్కింగ్ కంపెనీ నుంచి వచ్చింది. అమ్మని తిప్పడానికి నీకు వదిలేసిన కారు కాగితాలు ఇంకా నా పేరునే ఉన్నాయి కదా, అందుకని నాకొచ్చింది. మీ ఊరి సూపర్‌మార్కెట్ పార్కింగులో రెండు గంటలకు మించి కారు ఉంచినందుకు వంద పౌండ్లు కట్టాలట. కారు లోపలికి వస్తున్న ఫొటో ఒకటి, బయటికి పోతున్న ఫొటో ఒకటి వేశారు. లోపలికి పొద్దున పదింపావుకి. బయటికి సాయంత్రం నాలుగుంపావుకి. తేదీ ఫిబ్రవరి ఆరు.

బెవ్, అది అమ్మ పోయిన రోజు.

నువ్వు నాకూ, వచ్చిన పోలీసులకీ, డాక్టరుకీ చెప్పింది నువ్వు బయటికి వెళ్ళింది అరగంటే అని. అమ్మ మెట్ల కింద ఎంతసేపు పడి ఉందో చెప్పలేనని డాక్టరు అన్నప్పుడు, అరగంటే కదా అనుకుని గుండె చిక్కబట్టుకున్నాను. ఈ కాగితం చూసినప్పట్నుంచి ఆరు గంటలన్న మాట తలలోంచి పోవడం లేదు. అమ్మ పిలిచిందా, ఎన్నిసార్లు పిలిచింది అని అదే ఆలోచన. ఫోన్ చేస్తే నా గొంతు లేస్తుందని భయమేసి రాస్తున్నాను. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పు.

నీ అన్నయ్య
రోలండ్

*

గూల్,
6 మార్చి

అన్నయ్యా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. కూర్చున్నాక మళ్ళీ చదివాను. ఇది అడగడానికి నీకు నోరెలా వచ్చిందో, సారీ, చెయ్యెలా వచ్చిందో.

రెండుసార్లు వెళ్ళాను. అంతే సంగతి. పొద్దున వెళ్ళి రొట్టె, పాలు, అమ్మకి కస్టర్డ్ కొనుక్కుని పావుగంటలో బయటపడ్డాను. ఇంటికొచ్చాను. మంగళవారం కదా, అమ్మకి తలస్నానం. ఆమె తల ఆరేసరికి ఎంతసేపు పడుతుందో నీకేం తెలుసు? మధ్యాహ్నం సాల్మన్ చేప శాండ్‌విచ్ చేసిపెట్టాను, అంచులు కోసి. టీవీ పెట్టాం. చెవి మిషను కుయ్యిమని ఆగిపోయింది. బాటరీలు అయిపోయాయి, పొద్దున తెద్దామనుకుని మర్చిపోయాను. "నువ్వు వెళ్ళి తేకపోతే ఈ మనిషి నోరు ఆడించడం చూస్తూ కూర్చోవాలా నేను?" అంది టీవీలో వాడిని చూపించి. మెట్లెక్కొద్దని చెప్పాను. "పోవే, నేనేం పారిపోతానా" అంది. నాతో అన్న ఆఖరి మాట అదే. అరగంటలో తిరిగొచ్చాను.

ఆ కెమెరాలు పొద్దున నేను లోపలికి రావడం చూశాయి, సాయంత్రం బయటికి పోవడం చూశాయి. మధ్యలో వెళ్ళడం, మళ్ళీ రావడం చూడలేదు. లారీ వెనకాల ఉంటే చూడవట, ఎండ పడ్డా చూడవట. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి చెప్పింది, ఈ ఊళ్ళో సగంమందికి ఇది జరిగిందని.

ఆ అరగంట నాది, అన్నయ్యా. దాన్ని నేను రోజూ మోస్తున్నాను, ఎవరి మీదా పెట్టను. ఆరు గంటలు మాత్రం నావి కావు.

ఆ కాగితం నాకు పంపు. డ్రైవరు ఎవరో చెప్పమని ఒక ఫారం ఉంటుంది, దాని జోలికి పోకు. ఇక్కడ ఎవరూ చెప్పరు. చెప్పనంతకాలం వాళ్ళే నిరూపించుకోవాలి. నీ పేరుతో నేనే జవాబు రాస్తాను. ఫోన్ చెయ్యకు. చేస్తే ఎత్తను. ఏమన్నా ఉంటే రాయి, రాసింది తర్వాత కాదనడానికి ఉండదు.

గొడుగు మా ఇంట్లోనే ఉంది. వదినకి చెప్పు.

బెవ్

*

ఓబన్,
11 మార్చి

ప్రియమైన బెవ్,

నీ ఉత్తరం అందింది. గొడుగు దొరికినందుకు మోరాగ్ నిన్ను తెగ మెచ్చుకుంది. గొడుగు పోస్టులో పంపొద్దు, విరిగిపోతుంది.

నువ్వు చెప్పింది అర్థమైంది. అయితే నువ్వు రాసేలోపే ఆ ఫారం నింపి పంపేశాను. ఆ రోజు కారు నడిపింది మా చెల్లెలని, నీ పేరూ చిరునామా రాశాను. కాగితం వస్తే జవాబివ్వడం నాకు అలవాటు, ముప్ఫై ఏళ్ళు రేవు ఆఫీసులో అదే పని. అడిగినదానికి నిజం చెప్తే తప్పేముంది? నువ్వు రెండుసార్లు వెళ్ళి ఉంటే ఆ మాట వాళ్ళకి చెప్పు, తీసేస్తారు. దాచుకోవాల్సిందేముంది?

రసీదు ఏదైనా ఉందా? ఒక్కటి చాలు, మధ్యాహ్నం రెండోసారి కొన్నట్టు. బాటరీలది ఉంటే మరీ మంచిది. నిన్ను నమ్మక కాదు. కానీ కెమెరాకి అబద్ధమాడాల్సిన అవసరం ఏముంటుందని ఎవరైనా అడిగితే మనం ఏదో ఒకటి చూపించాలి కదా.

మోరాగ్ ఒక మాట రాయమంది. ముసలివాళ్ళని ఏళ్ళ తరబడి చూసుకునేవాళ్ళకి అప్పుడప్పుడు బయట కాసేపు ఒంటరిగా కూర్చోవాలనిపిస్తుందట. వాళ్ళక్క అలాగే కారులో కూర్చుని పుస్తకం చదువుకునేదట. అందులో తప్పేమీ లేదంది. నేనూ తప్పనను.

ఇక్కడ వాన తెరిపిచ్చింది. బంగాళాదుంపలు నాటాలి.

అన్నయ్య

*

గూల్,
27 మార్చి

అన్నయ్యకి,

శుభవార్త. జరిమానా టికెట్టు ఇప్పుడు నా పేరు మీద వచ్చింది. సొంత అన్న పట్టించాడు కదా, రాక ఏం చేస్తుంది. "వాహనం నడిపినది మీరేనని మాకు తెలియజేయబడింది." ఎవరు తెలియజేశారో కూడా రాశారు, చదువుకుని మురిసిపోయాను.

రసీదులు అడిగావు. రొట్టెకీ పాలకీ రసీదులు దాచుకునే ఇల్లు మనది ఎప్పుడైంది? అమ్మ పర్సులోంచి నోటిచ్చేది, చిల్లర తెచ్చి ఆమె చేతిలో పోయాలి, లెక్క చూసుకునేది, రసీదు పొయ్యిలో పడేది. ఆ రోజు చిల్లర పోయడానికి చెయ్యే లేదు. ఆ సంచీ వంటింట్లో ఎక్కడ పడేశానో, డోరీన్ ఎప్పుడు సర్దిందో నాకు తెలియదు. బాటరీలు మాత్రం ఉన్నాయి. పాకెట్టు విప్పలేదు.

సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాను. మేనేజరు పిల్లాడిలా ఉన్నాడు. "పార్కింగు మాది కాదండీ, వేరేవాళ్ళకి ఇచ్చేశాం" అన్నాడు. "మీ గుమ్మం ముందున్నది మీది కాకపోతే ఎవరిదయ్యా?" అన్నాను. లోపలి కెమెరాల్లో నేను రెండుసార్లు కనబడతాను, తీసి చూడమన్నాను. "నెల దాటితే చెరిగిపోతాయమ్మా. ఏదో పోయిందని చెప్పి ఉంటే ముందే తీసిపెట్టేవాణ్ణి" అన్నాడు. మా అమ్మ పోయిందని చెప్పాను. పాపం, వాడి మొహం పాలిపోయింది. ఒక పూలగుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు, అమ్ముడుపోనిది.

వదినకి చెప్పు, నేను కారులో కూర్చుని పుస్తకం చదవలేదు. తప్పు లేదంటూనే తప్పు అంటగట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. నాకు సానుభూతి వద్దు. చెయ్యని పనికి జాలిపడితే అది తిట్టే.

కంపెనీకి అప్పీలు రాశాను, మూడు పేజీలు. అమ్మ బట్టలు సగం చారిటీ దుకాణానికి ఇచ్చాను. నీలం కోటు ఇవ్వలేకపోయాను. నిన్న కిటికీలోంచి చూస్తే ఎవరో అలాంటి కోటు వేసుకుని పోతున్నారు, ఇచ్చేశానేమో అని పరిగెత్తి బీరువా తీసి చూసుకున్నాను.

బెవర్లీ

*

ఓబన్,
9 ఏప్రిల్

ప్రియమైన చెల్లెలికి,

నీ కోపం అర్థమైంది. దాని గురించి రాయను.

మేం పచ్చికలో బంతులాట ఆడుకునే బౌల్స్ క్లబ్బులో మెక్‌ఫీ అని ఒకాయన ఉన్నాడు, పోలీసులో చేసి రిటైరయ్యాడు. ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను. "రెండు వారాల్లోపు కడితే సగమే తీసుకుంటారోయ్. కట్టేసి పడుకోమను. వాళ్ళు జలగలు, ఉప్పు వేసి వదిలించుకోవాలి గానీ వాదించకూడదు" అన్నాడు. పోరు నష్టం, పొందు లాభం అని నా ఉద్దేశం కూడా. కావాలంటే ఆ సగం నేనిస్తాను. కారు నాది కదా.

సమాధి రాయి చెక్కేవాడికి మాటలు పంపాలి. నేను ఇలా అనుకుంటున్నాను: ఐరిస్ హాలమ్, 1935–2024, ప్రియమైన తల్లి. పొడుగ్గా లేకుండా బాగుంటుంది. నీకు సమ్మతమైతే వెంటనే రాయి, మే నెలలో రాయి నిలబెట్టేస్తాడట.

అన్నయ్య

*

గూల్,
14 జూన్

రోలండ్ అన్నయ్యా,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా సగంలో కాగితం చించేశాను.

నాన్న సమాధి రాయి మీద మనిద్దరి పేర్లూ ఉన్నాయి. రోలండ్, బెవర్లీల తండ్రి అని. అమ్మ రాయి మీద మాత్రం ఎవరి తల్లో రాయక్కర్లేదన్నమాట. ఎందుకో నాకు అర్థం కాలేదనుకోకు. నా పేరు తియ్యాలంటే నీదీ తియ్యాలి కదా, ఒక్కదాన్నే తీస్తే బాగుండదని నీదీ తీసేశావు. పెద్దమనిషివి. అలాగే కానియ్యి. రాయి నిలబెట్టారు, చూసొచ్చాను. గడ్డి కత్తిరించి వచ్చాను.

కంపెనీ నా అప్పీలు కొట్టేసింది. దానిపైన ఇంకో చోట అప్పీలు చేసుకోవచ్చంటే అక్కడికీ రాశాను. అదీ పోయింది. "మధ్యలో వాహనం ఆవరణ విడిచి వెళ్ళినట్టు ఆధారం సమర్పించబడలేదు." వెళ్ళలేదనడానికి వాళ్ళ దగ్గర ఆధారం ఉందా అని ఎవరూ అడగరు. రెండు ఫొటోలున్నాయి కాబట్టి మధ్యలో ఆరు గంటలూ వాళ్ళవే.

కట్టమంటావు. నువ్వూ, నీ మెక్‌ఫీ. ఒక్క సంగతి విను, మళ్ళీ చెప్పను. డబ్బు కట్టడమంటే అవును, ఆరు గంటలు అక్కడే ఉన్నాను, మా అమ్మ మెట్ల కింద పడి ఉండగా నేను పార్కింగులో ఉన్నాను అని సంతకం పెట్టడం. ఒక్క పెన్నీ కూడా కట్టను. కోర్టుకి లాగితే లాగనీ. నాకు అదే కావాలి. ఈ దేశంలో ఒక్క మనిషి, ఎవరో ముక్కూమొహం తెలియని జడ్జిగారు, నా మాట విని ఈమె రెండుసార్లు వెళ్ళిందని పైకి చెప్పాలి. నా అనుకున్నవాళ్ళు చెప్పలేదు కనక.

బెవర్లీ

*

ఓబన్,
20 జూన్

ప్రియమైన బెవ్,

ఎంత మాటన్నావు! ఆ రాయి చెక్కేవాడు అక్షరానికింత అని చెప్పాడు, పైగా రాయి చిన్నది, ఇరుగ్గా ఉంటుందన్నాడు. నీ పేరు తియ్యాలనే ఆలోచనే నాకు రాలేదు. పేర్లు లేవని నువ్వు రాసేదాకా నేను గమనించలేదు. నీకు సమ్మతమైతే రాయమన్నాను, నువ్వు రెండు నెలలు రాయలేదు, సరేనన్నట్టే అనుకున్నాను. ఇప్పుడు చెక్కిస్తానంటే చెక్కిస్తాను, వెనకవైపైనా సరే.

కోర్టు మాట వింటే నాకు నిద్ర పట్టడం లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అక్కడ వాళ్ళ తరఫు లాయరు నిలబడి, మీ అమ్మగారు చావుబతుకుల్లో ఉన్నప్పుడు మీరెక్కడున్నారమ్మా అని నలుగురిలో అడుగుతాడు. ఏ పేపరువాడో రాసుకుంటాడు. గూల్‌లో ఆ మాట ఒకసారి పుడితే చస్తుందా? ఇప్పుడైతే ఈ సంగతి నీకూ నాకూ మోరాగ్‌కీ తప్ప తెలియదు. నిన్ను కాపాడుకోవాలని చెప్తున్నాను, నిందించాలని కాదు.

నీ ఒళ్ళు జాగ్రత్త. సరిగ్గా తింటున్నావా?

అన్నయ్య

*

గూల్,
2 నవంబర్

అన్నయ్యా,

ఇన్ని నెలలూ రాయలేదు, రాయడానికి కోపం తప్ప ఏమీ లేక. రాయి వెనకవైపు చెక్కిస్తానన్నావే, ఆ మాట చదివి చాలా రోజులకి నవ్వొచ్చింది. అమ్మ అయితే "వెనకవైపా? పిల్లల్ని దాచిపెట్టడానికి నేనేమన్నా కంగారూనా?" అనేది.

ఇప్పుడు విను. కోర్టు తేదీ వచ్చింది. నవంబరు పందొమ్మిది, డాంకాస్టర్‌లో. నాకు సాక్షి దొరికాడు.

మన కిటికీ అద్దాలు తుడిచే క్లిఫ్ గుర్తున్నాడా, బట్టతల, ఈల వేస్తుంటాడు? నెలకోసారి చెప్పాపెట్టకుండా వచ్చి నిచ్చెన వేసుకుంటాడు, అద్దాలు తుడిచి వెళ్ళిపోతాడు, డబ్బు ఎప్పుడో ఓ సాయంత్రం వచ్చి అడుగుతాడు. శీతాకాలం నుంచీ వాడి మేనల్లుడు వస్తున్నాడు. వీడెక్కడికి పోయాడో అనుకున్నానే తప్ప అడగలేదు. ఆఖరిసారి ఏ రోజు వచ్చాడో కూడా నాకు గుర్తు లేదు, నాకెక్కడి ధ్యాస. పోయిన వారం ఒక చేత్తో చేతికర్ర, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు, కింది అద్దాల వరకే తుడుస్తాడట. "అమ్మగారేరి? నాలుక చూపించందే నాకు పని సాగదు" అన్నాడు. వాడికి తెలియదు, అన్నయ్యా. వాడు కిటికీ దగ్గరికి వస్తే అమ్మ నాలుక బయటపెట్టేది, వాడు కూడా పెట్టేవాడు, ఎన్నేళ్ళుగానో.

చెప్పాను. ఏ రోజు అని అడిగాడు. ఫిబ్రవరి ఆరు అన్నాను. బకెట్టు కింద పెట్టాడు. "నేను నిచ్చెన మీంచి పడ్డది ఆ రోజేనమ్మా. మీ ఇల్లయ్యాక పక్కవీధిలో. తుంటి విరిగింది. ఆస్పత్రి కాగితాల మీద ఆ తేదీ ఉంటుంది. మధ్యాహ్నం మీ ఇంటి దగ్గరే కదా ఉన్నాను! కారు అడ్డంగా పెట్టావని బకెట్టు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాను. అమ్మగారు తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది, నువ్వు వెనకాల దువ్వెన పట్టుకుని. నాలుక పెట్టింది" అన్నాడు.

మధ్యాహ్నం, అన్నయ్యా! కెమెరా లెక్కలో నేనింకా పార్కింగులో ఉన్నాను. అమ్మ తలకి తువ్వాలు, నా చేతిలో దువ్వెన, గుమ్మంలో కారు. అడగకుండానే వచ్చి జడ్జిగారి ముందు ప్రమాణం చేసి చెప్తానన్నాడు.

నువ్వు రావాలి. రాను అనకు. డబ్బులు లేవంటే నేనిస్తాను, వదినని కూడా తీసుకురా, ఆవిడ గొడుగు తీసుకుపోవచ్చు. నువ్వక్కడ కూర్చుని వినాలి. అయ్యాక మనం ఎక్కడైనా చేపలూ చిప్సూ తినొచ్చు. నీతో ఒకటి మాట్లాడాలి కూడా, అది కాగితం మీద రాసేది కాదు.

నీ చెల్లెలు
బెవ్

*

ఓబన్,
3 నవంబర్

నా ప్రియమైన బెవ్,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. నువ్వు రాయడం మానేశాక నీ సంగతులు డోరీన్ దగ్గర తెలుసుకుంటున్నాను, కోప్పడకు. ఈ నెల్లోనే కోర్టట కదా. "చిక్కి సగమైంది, ఎప్పుడూ ఆ కాగితాలే, లైబ్రరీలోనే కాపురం" అందావిడ. విని నేనిక ఉండలేకపోయాను.

కంపెనీకి ఫోన్ చేశాను. నాకొచ్చిన మొదటి కాగితం మీద ఉన్న నంబరు చెప్పాను. మర్యాదగానే మాట్లాడారు. అడిగినదంతా కట్టేశాను, కోర్టు ఖర్చులతో సహా. కేసు వెనక్కి తీసుకుంటామని రాసి పంపారు. నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎవరి ముందూ నిలబడక్కర్లేదు.

ఇంకొక్క మాట చెప్పి ఇక ఈ సంగతి ఎత్తను. ఆ రోజు నువ్వు ఎంతసేపు వెళ్ళినా, ఎందుకు వెళ్ళినా, నా మనసులో ఏమీ లేదు. మనిషన్నాక అలుపు వస్తుంది. నేను దూరంగా కూర్చుని ఏమీ చెయ్యనివాణ్ణి, నాకు మాట్లాడే హక్కు లేదు. నేను నిన్ను క్షమించాను, బెవ్. మనస్ఫూర్తిగా. ఇక నువ్వు కూడా నిన్ను క్షమించుకో. అమ్మ ఉన్నా అదే చెప్పేది.

క్రిస్మస్‌కి ఇక్కడికి రా. మోరాగ్ గది సర్దుతోంది.

నీ అన్నయ్య
రోలండ్

*

ఓబన్,
6 నవంబర్

బెవ్,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నాది ఈపాటికి నీకు చేరి ఉంటుంది. ఒక్క వారం, బెవ్. నీది ఒక్క వారం ముందొస్తే ఎంత బాగుండేది.

పొద్దుట్నుంచీ కంపెనీకి ఫోన్ చేస్తున్నాను. తీసుకున్న డబ్బు తిరిగివ్వరట, మూసేసిన కేసు తెరవరట. "మీకు మేలే జరిగింది కదండీ" అంటుంది ఆ అమ్మాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

క్లిఫ్ చెప్పినదంతా చదివాను. నమ్ముతున్నాను. ఇప్పుడు పూర్తిగా నమ్ముతున్నాను. మోరాగ్ కూడా ఏడుస్తోంది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. దయచేసి ఎత్తు.

రోలండ్

*

గూల్,
20 నవంబర్

రోలండ్‌కి,

నిన్న డాంకాస్టర్ వెళ్ళాను. రానవసరం లేదని కోర్టువాళ్ళు రాశారు, అయినా వెళ్ళాను. క్లిఫ్‌ని రావద్దన్నాను. విన్లేదు. చావులకి కట్టుకునే టై కట్టుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చాడు. వానలేని రోజు, వాళ్ళ పనికి అలాంటి రోజు వదులుకోవడమంటే మాటలు కాదు.

అక్కడ బల్ల దగ్గర ఒకావిడ ఉంది. మంచావిడే. జాబితా మొత్తం చూసి "మీ కేసు లేదమ్మా. డబ్బు ముట్టిందని వాళ్ళు వెనక్కి తీసుకున్నారు" అంది. నేను కట్టలేదు, కట్టమని ఎవరికీ చెప్పలేదు, జడ్జిగారిని అయిదు నిమిషాలు వినమనండి అన్నాను. "వినడానికి ఏముందమ్మా? మీరు ఎవరికీ ఏమీ బాకీ లేరు. గెలిచాననుకుని ఇంటికెళ్ళి టీ తాగండి" అంది. నేను అక్కడే నిలబడ్డాను. వెనకాల వాళ్ళు దగ్గుతున్నారు. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి కొంచెం నెమ్మదిగా, మతి లేనిదానికి చెప్పినట్టు.

బయట బెంచీ మీద కూర్చున్నాక క్లిఫ్ జేబులోంచి కాగితం తీశాడు. చెప్పవలసింది రాసుకుని బట్టీ పట్టాడట. "వృథా ఎందుకు పోవాలి, నువ్వే వినమ్మా" అని నిలబడి, గొంతు సవరించుకుని, మొత్తం చెప్పాడు. బకెట్టు, కారు, తువ్వాలు, దువ్వెన. చుట్టూ జనం వాళ్ళ కేసుల గోలలో వాళ్ళున్నారు. చెప్పి కూర్చున్నాడు. "మీ అన్నగారితో నేను మాట్లాడనా?" అన్నాడు. వద్దన్నాను. ఆయన నిన్ను నమ్మేశాడు క్లిఫ్, నీ మాట చదవగానే నమ్మేశాడు అని చెప్పాను. నా మాట మార్చి నుంచీ ఆయన దగ్గర పడి ఉంది.

నీ ఉత్తరాలు రెండూ ఉన్నాయి. నువ్వు క్షమించింది అమ్మని ఆరు గంటలు వదిలేసి పోయిన ఆవిడని. ఆవిడెవరో నాకు తెలియదు. డబ్బు కట్టి ఆవిడని గూల్‌లో పుట్టించావు. కంపెనీ పుస్తకాల్లో ఇక ఎప్పటికీ ఉంటుంది. ఆరు గంటలు ఉంది, ఒప్పుకుంది, కట్టింది. ఇప్పుడు నేనెవరికి చెప్పినా నవ్వుతారు. మరెందుకు కట్టావమ్మా అంటారు.

నువ్వు మంచి మనసుతోనే చేశావని నాకు తెలుసు. దానివల్లే ఇంకా కష్టంగా ఉంది. చెడ్డవాడివైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

కారు ఆ సూపర్‌మార్కెట్ పార్కింగులోనే పెట్టేసి నడిచి వచ్చాను. తాళంచెవి ఈ కవర్లో ఉంది. కాగితాలు నీ పేరునే ఉన్నాయి కనక ఉత్తరాలు నీకే వస్తాయి. నీకు జవాబులివ్వడం అలవాటే కదా. ఎవరు నడిపారని అడిగితే నా పేరే రాయి, ఈసారి నిజంగానే నేను అక్కడ వదిలేశాను. ముందు ఎడమ టైరుకి గాలి తక్కువుంది, చూసుకో. క్రిస్మస్‌కి రాను.

నీతో మాట్లాడాలన్నాను కదా, కాగితం మీద రాసేది కాదని. ఇక ఎదురుగా చెప్పేది లేదు కనక రాసేస్తున్నాను. కోర్టులో ఆ ఆరు గంటలూ పోయాక, అరగంట మిగులుతుంది. అది నాది. బాటరీలకి మర్నాడు వెళ్ళి ఉండొచ్చు. "ఒక్కపూట టీవీ వినకపోతే ఏం పోయిందే అమ్మా" అని ఉండొచ్చు. ఆవిడ కసిరిందని కోటు తగిలించుకుని పోయాను. వెళ్ళకుండా ఉంటే అమ్మ ఉండేది. ఇది నేను ఎవరితోనూ అనలేదు, డోరీన్‌తో కూడా. చేపలూ చిప్సూ తింటూ నిన్నొక్కటి అడగాలనుకున్నాను: అన్నయ్యా, ఆ అరగంటకి నన్ను క్షమిస్తావా అని. లోకంలో నువ్వొక్కడివే ఆ మాట చెప్పగలిగినవాడివి. ఆమె నీకూ అమ్మే.

ఆ మాట నువ్వు వేరే ఆవిడకి ఖర్చు చేసేశావు. ఇక నేను అడగను.

బెవర్లీ